ఏటియొడ్డు పురుగు: ఒక గుర్తింపు చరిత్ర

వరిచేల గట్ల వెంట, కాలువల యొడ్డున, నీరు తీసిన చెరువు తడినేలమీద చీమవలె పరుగెత్తే చిన్న పురుగు ఒకటి ఉన్నది. నిడివి 7 మొదలు 10 మిల్లీమీటర్లు. బియ్యపుగింజకన్న కొంచెమే పొడవు. తల నలుపు. తల వెనుక భాగము నారింజపండు ఎరుపు. దాని తరువాత నీలముగా నిగనిగలాడే ఒక చిన్న పట్టీ. ఆ పట్టీ వెనుక మరల ఎరుపు, చిట్టచివర నలుపు. కదిలిస్తే తేలు కొండివలె తోకభాగమును పైకెత్తుతుంది. దానికి కొండి లేదు, అది కుట్టదు. కాని ఒంటిమీద ప్రాకినప్పుడు దానిని అరచేతితో నలిపితే, మరునాటికి ఆ చోట వాత పెట్టినట్లు బొబ్బలు లేస్తాయి.

ఇంత చిన్న ప్రాణికి చరిత్ర ఏమిటని శ్రోతలకు తోచవచ్చును. రాజులకు, రాజ్యాలకు ఉన్నట్లే పేర్లకును చరిత్ర ఉంటుంది. ఈ పురుగు విషయములో ఆ చరిత్ర మన ఇంటి గుమ్మము దాకా వచ్చినది. దీనిని ఎరుగని రైతు ఇది పైరును తినే పురుగనుకొని మందు చల్లుతాడు. నిజానికి ఇది పైరును పీల్చే దోమలను తినే పురుగు. దీనిని ఎరుగని తల్లి దీపము క్రింద బిడ్డ మెడమీద ప్రాకుతున్న దానిని చప్పున అణచివేస్తుంది. మరునాడు ఆ మెడ ఎఱ్ఱగా పొక్కుతుంది. దీనిని ఎరుగని వైద్యుడు ఆ బొబ్బల బారును చూచి సర్పి అని భ్రమపడవచ్చును. మూడు నష్టాలకును మూలము ఒక్కటే. అందుచేత ఈ పురుగును మానవుడు ఎట్లు గుర్తించినాడు, ఎన్నిమార్లు తప్పుపేరు పెట్టినాడు, చివరకు ఏ ఆనవాళ్లతో స్థిరపరచినాడు అనే విషయమును ఇక్కడ వివరింపదలచినాము.

దీనిని గురించిన ప్రాచీనమైన వ్రాత చైనాదేశములో ఉన్నది. క్రీ. శ. 739లో, థాంగ్ వంశపు రాజుల కాలములో, చెన్ త్సాంగ్‌చీ అనే వైద్యుడు అంతకుముందటి ఓషధిగ్రంథాలలో చేరని ద్రవ్యములను పోగుచేసి ఒక అనుబంధ గ్రంథము వ్రాసినాడు. మూలగ్రంథము నశించినది. అయితే తరువాతి వైద్యులు, అందులోను 16వ శతాబ్దివాడైన లీ షిజెన్, దానిలోని భాగములను తమ గ్రంథాలలో ఎత్తివ్రాసినందువల్ల అవి నిలిచినవి. అందులో 'నీలినడుము పురుగు' అనే అర్థము వచ్చే పేరుతో ఒక ప్రాణి ఉన్నది. అది చీమంత ఉంటుందట. ఒళ్లు ఎరుపు, నడుము నీలినలుపు, తోక మొన. రెక్కలు పొట్టివే కాని ఎగురగలదట. దాని విషము తగిలితే చర్మము వాచి ఊడివస్తుందని, ఒంటిమీది పచ్చబొట్లనైనా తీసివేస్తుందని, మొండిపుండ్లకు, తామరకు దానిని వాడవచ్చునని ఆ వైద్యుడు చెప్పినాడు. 1987లో ఫ్రాంక్, కనమిత్సు అనే ఇద్దరు కీటకశాస్త్రజ్ఞులు ఈ జాతి పురుగులను గురించి అంతవరకు ప్రపంచములో వెలువడిన వ్రాతలను సమీక్షించినప్పుడు, చైనా వైద్యుడు చెప్పిన పురుగు ఇదేనని నిర్ణయించినారు. రూపము సరిపోయినది, చేసే పని సరిపోయినది. రూపమును, పనిని ఒక్కచోట చేర్చి చెప్పిన ఆ వాక్యముల వంటివి మరల వెలువడడానికి దాదాపు పన్నెండు వందల సంవత్సరములు పట్టినది.

ఇక ఐరోపాఖండము సంగతి. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన జంతుచరిత్రలో గుఱ్ఱములు మింగితే ప్రమాదము కలిగించే ఒక పురుగును 'స్టాఫిలినస్' అనే పేరుతో ప్రస్తావించినాడు. ఆయన ఉద్దేశించిన పురుగు ఏదైనా కానీ, ఆ పేరు మాత్రము వేల సంవత్సరములు నిలిచి, చివరకు స్వీడన్ దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ చేతికి వచ్చినది. 1758లో ఆయన ప్రకటించిన 'ప్రకృతివ్యవస్థ' పదవ కూర్పులో జంతువులన్నింటికిని రెండేసి మాటల లాటిన్ పేర్లు ఏర్పడినవి. పైరెక్కలు కురుచగా ఉండి ఉదరభాగము బయటపడే పెంకుపురుగులనన్నింటిని ఆయన 'స్టాఫిలినస్' అనే ఒక్క గంపలో వేసినాడు. వానిలో ఎరుపు, నీలము, నలుపు రంగుల చిన్నపురుగుకు 'స్టాఫిలినస్ రిపేరియస్' అని పేరు పెట్టినాడు. లాటినులో 'రీపా' అనగా ఒడ్డు. ఒడ్డున ఉండేది కనుక రిపేరియస్ అయినది. ఆ పురుగును గురించి లిన్నేయస్ వ్రాసినది రంగులు చెప్పే ఒకటి రెండు పంక్తులు మాత్రమే. చైనా వైద్యుని వర్ణనతో పోలిస్తే రూపము రెండింటిలోను ఉన్నది. బొబ్బల మాట రెండవదానిలో లేదు.

లిన్నేయస్ శిష్యులలో ప్రముఖుడైన డెన్మార్కు పండితుడు ఫాబ్రీషియస్ 1775లో ఆ గంపను విడదీసి, ఈ రంగుల పురుగులను 'పీడెరస్' అనే వేరు ప్రజాతిగా ఏర్పరచినాడు. 1802లో జర్మనీ దేశస్థుడు గ్రావెన్‌హోర్స్ట్ కురుచరెక్కల పెంకుపురుగులకే ప్రత్యేకించి ఒక గ్రంథము వ్రాసి, అందులో ఒక పీడెరస్ జాతికి 'లిట్టొరాలిస్' అని పేరు పెట్టినాడు. అదియు తీరమున ఉండేది అనే అర్థమే. 1839, 40 సంవత్సరములలో బెర్లినులో ఎరిక్సన్ ప్రపంచములోని కురుచరెక్కల పురుగులన్నింటిని వర్గీకరించే బృహద్గ్రంథము ప్రకటించి, మరొక దానికి 'లిమ్నోఫిలస్' అన్నాడు. అనగా చెరువును ప్రేమించేది. ఒడ్డు, తీరము, చెరువు. పేరు పెట్టిన ప్రతివాడును నీటి వైపే చూచినాడు.

ఇక్కడనే చిక్కు వచ్చినది. నివాసమునుబట్టి పెట్టిన పేరు చెప్పుకొనడానికి అందముగానే ఉంటుంది కాని గుర్తింపునకు పనికిరాదు. ఒకే యొడ్డున నాలుగైదు జాతులు తిరుగుతుంటే 'ఒడ్డున ఉండేది' అనే మాట దేనికి చెందుతుంది? ఈ చిక్కునుండి ఒక అడుగు బయట పెట్టినవాడు ఇంగ్లండు దేశపు జాన్ కర్టిస్. ఈయన పండితుడే గాక మంచి చిత్రకారుడు. 1824 మొదలు 1839 వరకు భాగములు భాగములుగా వెలువడిన ఆయన 'బ్రిటిష్ కీటకశాస్త్రము'లో చేతితో రంగులు వేసిన 770 చిత్రపటములు ఉన్నవి. అందులో 1826లో ఒక పీడెరస్ జాతిని వర్ణించి ఆయన 'ఫస్కిపెస్' అన్నాడు. అనగా మసిరంగు కాళ్లది. నీటిని విడిచి పురుగు శరీరమునే చూచి పెట్టిన పేరు అది. ఇంగ్లండులో పేరు పొందిన ఈ జాతియే ఐరోపానుండి మధ్య ఆసియా మీదుగా జపాను వరకు, ఆగ్నేయాసియా వరిచేల వరకు వ్యాపించి ఉన్నదని తరువాత తేలినది. మన దేశములోను ఉన్నది. లండను నగరములో చిత్రించిన పురుగును మన వరిగట్టు మీద చూడగలుగుట గుర్తింపు శాస్త్రము చేసిన ఉపకారము.

ఇంతకును దీనిని గుర్తించుట ఎట్లు? నాలుగు ఆనవాళ్లు చెప్పవచ్చును. మొదటిది, కురుచ పైరెక్కలు. సాధారణముగా పెంకుపురుగుల పైరెక్కలు గట్టిపడి, వీపును పూర్తిగా కప్పే పెట్టెమూతవలె ఉంటాయి. దీనికి ఆ మూత చొక్కా తొడిగినట్లు సగముదాకనే వస్తుంది. ఉదరపు కణుపులు బయటనే ఉంటాయి. దీనిని చూచి రెక్కలులేని పురుగనుకొనుట పొరపాటు. ఆ చిన్న మూత క్రింద పలుచని పెద్దరెక్కలు మడతలు పెట్టుకొని ఉంటాయి. ఈ వర్గపు పురుగుల రెక్కమడతలు కుడివైపు ఒక తీరున, ఎడమవైపు మరొక తీరున ఉంటాయని 2014లో జపాను పరిశోధకులు అతివేగపు కెమెరాలతో తీసిన చిత్రములవల్ల వివరించినారు. జపాను భాషలో ఈ వర్గమునకు 'రెక్కలు దాచుకొనేది' అని పేరు. ఆ పేరు కెమెరాలకన్న చాల పాతది.

రెండవ ఆనవాలు రంగుల వరుస: నలుపు, ఎరుపు, నీలము, ఎరుపు, నలుపు. మూడవది నడక: చీమవలె చురుకుగా పరుగెత్తుట, బెదిరినప్పుడు తోకభాగమును పైకెత్తుట. నాలుగవది చోటు: తడినేల, దాని సమీపము. ఈ నాలుగును కలిసినప్పుడే పీడెరస్ అనవలెను. ఒక్కదానినిబట్టి తీర్మానించరాదు.

ఏలయన పోలికగల పురుగులు నీటి యొడ్డున ఇంకను ఉన్నవి. కురుచరెక్కల పెంకుపురుగుల కుటుంబములో ఇప్పటికి 60 వేలకు పైగా జాతులు తెలిసినవి. జంతుప్రపంచములోని మిక్కిలి పెద్ద కుటుంబములలో అది ఒకటి. దానిలో 'స్టీనస్' అనే ప్రజాతివి కూడ నీటి యొడ్డుననే ఉంటాయి. కాని అవి నల్లనివి. కండ్లు తలకు రెండు ప్రక్కల ఉబ్బి పెద్దవిగా ఉంటాయి. క్రింది పెదవిని బాణమువలె ముందుకు విసరి చిన్నప్రాణులను పట్టుకొంటాయి. పొరపాటున నీటిలో పడితే తోకనుండి ఒక ద్రవమును విడిచి, ఆ ద్రవము నీటిపొర బిగువును సడలించగా, ఈదకుండనే జారిపోతూ ఒడ్డు చేరుతాయి. 'బ్లీడియస్' అనే మరొక ప్రజాతివి ఇసుకనేలలో, బురదలో బొరియలు త్రవ్వుకొంటాయి. ఇవి రెండును మనకు హాని చేసేవి కావు. ఇక వరిచేలలో 'ఒఫియోనియా' అనే సన్నని పెంకుపురుగు ఒకటి ఉన్నది. దానికిని ఎరుపు, నీలినలుపు రంగులే, దానికిని చీమనడకయే. ఆ రెంటిని కలిపివేయుట సులభము. అయితే దాని పైరెక్కలు పొడవైనవి, ఉదరమును దాదాపు చివరవరకు కప్పుతాయి. అది వేరే కుటుంబమునకు చెందినది. దాని వలన బొబ్బలు రావు. రంగు చూచి మోసపోవద్దనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

భారతదేశపు కురుచరెక్కల పురుగులను శాస్త్రీయముగా లెక్కపెట్టుట 1859లో జర్మనీ పండితుడు క్రాట్జ్‌తో ఒక దారికి వచ్చినది. ఆయన భారతదేశపు, ముఖ్యముగా సింహళపు, జాతులను వర్ణించి ఒక గ్రంథము ప్రకటించినాడు. తరువాత ఆ పనిని విస్తారముగా చేసినవాడు మాల్కమ్ కామెరాన్. ఈయన వృత్తిచేత బ్రిటిష్ నౌకాదళములో వైద్యుడు. 'బ్రిటిష్ ఇండియా జంతుజాలము' అనే గ్రంథమాలలో ఈ ఒక్క కుటుంబమునకే ఆయన వ్రాసిన నాలుగు సంపుటములు 1930 మొదలు 1939 వరకు వెలువడినవి. ఇట్టి గ్రంథములలో గుర్తింపు పట్టికలు ఉంటాయి. తల ఇట్లున్నదా, అట్లున్నదా? ఇట్లుంటే ఈ అంకెకు వెళ్లవలెను, అట్లుంటే ఆ అంకెకు వెళ్లవలెను. ఇట్లు మెట్టు మెట్టుగా దిగి పేరు చేరవలెను.

అయినను పీడెరస్ ప్రజాతిలో ఆరువందలకు పైగా జాతులు ఉన్నవి. వానిలో చాలవాటికి రంగుల వరుస ఒక్కటే. అందుచేత ప్రజాతిని కంటితో గుర్తింపవచ్చును కాని జాతిని తేల్చవలెనంటే నిపుణుడు మగపురుగు ఉదరమును విప్పి, జననాంగపు ఆకృతిని సూక్ష్మదర్శినిలో చూడవలసి ఉంటుంది. ప్రతి జాతికిని అది తాళపుచెవివలె వేరువేరుగా ఉంటుంది. గృహస్థునకు ఇంత పని లేదు. ప్రజాతి తెలిస్తే ఆయన అవసరము తీరుతుంది.

పురుగుల పండితులు ఇట్లు పేర్లు సరిచూచుకొంటున్న కాలములో, వైద్యులు మరొక ప్రక్కన ఏదో పురుగు వలన వచ్చే బొబ్బలను చూస్తూనే ఉన్నారు. ఒకరి పుస్తకము మరొకరు తెరవలేదు. బ్రెజిల్ దేశపు బహియా ప్రాంతములో పిరాజా ద సిల్వా అనే వైద్యుడు 1912లో పీడెరస్ జాతి ఒకటి బొబ్బలు పుట్టిస్తుందని ప్రకటించుటతో ఆ రెండు దారులు కలిసినవి. మరి మూడేండ్లకు బెల్జియన్ కాంగోలో, ఏటేటా ఒక ఋతువులో వచ్చే చర్మవ్యాధికి ఇట్టి పురుగే కారణమని వైద్యులు వ్రాసినారు. తూర్పు ఆఫ్రికాలో ఇది కంటికి తగిలి వాపు కలిగించేది గనుక 'నైరోబీ కన్ను' అనే పేరు పుట్టినది. తరువాత పురుగుకే 'నైరోబీ ఈగ' అని పేరు వచ్చినది. అది ఈగ కాదు, నైరోబీకి మాత్రమే చెందినదియు కాదు.

తప్పుపేర్లు అక్కడితో ఆగలేదు. 1920లలో మన దేశపు వైద్యరచనలలో ఇట్టి బొబ్బలను 'సాలీడు నాకుడు' అనే అర్థమిచ్చే ఆంగ్లపు పేరుతో వర్ణించినారు. చేసినది ఒకరు, నింద పడినది మరొకరి మీద. మలయా దేశస్థులు ఈ పురుగును 'సర్పిచీమ' అనే అర్థము వచ్చే మాటతో పిలుస్తారు. సర్పిలో వచ్చినట్లే బొబ్బలు బారుగా లేస్తాయి గనుక ఆ పేరు. పురుగు చీమ కాదు, జబ్బు సర్పి కాదు. కాని ఆ రెంటిని ముడిపెట్టిన ప్రజల చూపు మాత్రము సూటియైనది. జపానులో 'కాల్చే పురుగు' అంటారు. 2012 మార్చిలో ఇండొనీషియాలోని సురబయ నగరములో ఇవి నివాసభవనములలో విరివిగా కనిపించి కలవరము కలిగించినప్పుడు, అక్కడ 'టామ్‌క్యాట్' అనే పేరు ప్రచారమైనది. మన ఇండ్లలో ఇట్టి పొక్కులను చూచి 'ఏదో పురుగు పాకింది' అనుట పరిపాటి. ఏ పురుగు అనేది ఆ మాటలో లేదు. ఉండవలసినది అదే.

ఇక బొబ్బకు కారణమైన పదార్థమును గుర్తించిన కథ చెప్పవలెను. బొబ్బలు పుట్టించే పురుగులు మరికొన్ని ఉన్నవని ప్రాచీనకాలమునుండి తెలిసినదే. వానిలోని కాంథరిడిన్ అనే ద్రవ్యమును ఫ్రాన్సు దేశపు రోబికే 1810లోనే వేరుచేసినాడు. పీడెరస్‌లోని విషము కూడ అదేనని తలచుట సహజము. అది కాదు, వేరొక ద్రవ్యమని తేల్చి, స్ఫటికరూపములో వేరుచేసి, 'పెడెరిన్' అని పేరు పెట్టినవారు ఇటలీ శాస్త్రజ్ఞులు పావాన్, బో. వారి వ్యాసము 1953లో వెలువడినది. ఆ పురుగు ఒంటిలో పెడెరిన్ ఉండేది బరువులో నూటికి 0.025 వంతు మాత్రమే. దాని నిర్మాణమును తెలిసికొనుటకు ఇటలీలో రెండున్నర కోట్ల ఫస్కిపెస్ పురుగులను పోగుచేసినారు. 1960లలో ఇటలీ, జపాను దేశముల పండితుల కృషివల్ల ఆ నిర్మాణము స్థిరపడినది. ఇది జీవకణములలో మాంసకృత్తుల తయారీని ఆపివేస్తుంది, కణవిభజన నిలిచిపోతుంది. అందువల్లనే తగిలిన వెంటనే మంట తెలియదు. పన్నెండు గంటలకో, మరునాటికో చర్మము ఎఱ్ఱబడి, తరువాత నీటిపొక్కులు లేస్తాయి.

ఈ విషము పురుగు రక్తములో ఉంటుంది. కొండి లేదు, విషపుకోర లేదు. నలిపితేనే బయటపడుతుంది. అనగా ఈ పురుగు మనకు చేసే హానిలో మన చేతికే ప్రధానపాత్ర. దీనికి మించిన విశేషము మరొకటి ఉన్నది. పెడెరిన్‌ను తయారుచేయగలవి ఆడపురుగులు మాత్రమే, అందులోను అన్నియు కావు. అవి దానిని గ్రుడ్లలో చేర్చి సంతతికి ఇస్తాయి. ఆ రక్షణ ఉన్న పిల్లపురుగులను తోడేలు సాలీళ్లు తినలేక విడిచిపెడతాయని జర్మనీలో కెల్నర్, డెట్నర్ పరిశోధించి చెప్పినారు. ఒకే జాతిలో కొన్ని తల్లులకు ఉన్న శక్తి కొన్నింటికి లేకపోవుట ఏమి? ఆ ప్రశ్న వెంట పోగా, విషమును చేసేది పురుగే కాదని, దాని ఒంటిలో కాపురమున్న ఒక బాక్టీరియా అని తేలినది. 2002లో పీల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పెడెరిన్ నిర్మాణమునకు కావలసిన జన్యువులను ఆ బాక్టీరియాకు చెందినవిగా గుర్తించినాడు. పెడెరిన్‌ను పోలిన ద్రవ్యములే సముద్రపు అడుగున ఉండే కొన్ని స్పంజికలలోను దొరికినవి. ఒక స్పంజికలో కూడ వానిని చేసేది సహజీవియైన బాక్టీరియాయేనని 2004లో అదే పరిశోధకుని బృందము తెలిపినది. 1758లో ఒడ్డు పురుగనే పేరుతో మొదలైన గుర్తింపు ఇట్లు కంటికి కనబడని మరొక ప్రాణి దాకా వెళ్లినది.

ఇప్పుడు మన పొలమునకు వద్దాము. పీడెరస్ పిల్లదశలోను, పెద్దదశలోను ఇతర చిన్నపురుగులను తిని బ్రతుకుతుంది. వరిపైరుమీద సుడిదోమ, పచ్చదోమ దానికి ఆహారము. పైరు దుబ్బుల మొదళ్లలో చేరి రసము పీల్చే సుడిదోమ, పైరును వలయాలు వలయాలుగా ఎండగొట్టుట కృష్ణా, గోదావరి డెల్టాల రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1970 ప్రాంతమునుండి ఆసియా దేశములలో సుడిదోమ విజృంభించుటకు గల కారణములలో, విచక్షణలేని మందుల వాడకమువల్ల దానిని తినే సాలీళ్లు, మిత్రపురుగులు నశించుట ముఖ్యమైనదని వరి పరిశోధకులు చెప్పినారు. కనుక గట్టుమీద ఎఱ్ఱని పురుగులు పరుగెత్తుట చూచి మందు చల్లినవాడు తన కాపలావానిని తానే కొట్టినవాడవుతాడు.

అయితే కాపలావాడు పొలములో ఉన్నంతవరకే మేలు. కోతలైన తరువాత, లేక పెద్దవానలకు నేల మునిగినప్పుడు, ఇవి చోటు వెదకికొంటూ లేస్తాయి. రాత్రిపూట దీపములకు ఆకర్షింపబడతాయి. పొలముల ప్రక్కన లేచిన వసతిగృహములు, కొత్త కాలనీలు, రాత్రియంతయు వెలిగే దీపములు వీనికి పిలుపులు. 1997, 98 సంవత్సరములలో ఎల్‌నినో ప్రభావమువల్ల కుండపోతగా వానలు కురిసిన తరువాత కెన్యాలో వేలాది జనులు వీని బారిన పడినారు. 2022 జూలైలో సిక్కిములోని ఒక ఇంజనీరింగు కళాశాలలో నూరుమంది వరకు విద్యార్థులకు ఈ బొబ్బలు వచ్చినవి. అప్పుడు పత్రికలలో 'ఆఫ్రికానుండి వచ్చిన ఈగ' అనే అర్థము తోచేటట్లు పడిన శీర్షికలు చూచి చాలమంది భయపడినారు. తప్పుపేరు చేసే హాని అది. పీడెరస్ జాతులు ఎక్కడినుండియో వచ్చినవి కావు. మన తడినేలల్లో ముందునుండియు ఉన్నవే.

ఇంతకు గృహస్థుడు చేయదగినది కొంచెమే. రాత్రి దీపము క్రింద ఒంటిమీద ఇట్టి పురుగు ప్రాకితే చేతితో కొట్టరాదు, నలుపరాదు. నోటితో ఊది విదల్చవలెను. లేదా కాగితపు ముక్కమీదికి ఎక్కించి బయట విడువవలెను. పొరపాటున నలిగితే ఆ చోటును, చేతులను వెంటనే సబ్బుతో బాగుగా కడుగవలెను. ఆ చేతితో కన్ను నులుముకొనరాదు. పడుకొనే ముందు పరుపును, దిండును దులుపుట, కిటికీలకు సన్నని వలలు బిగించుట, అక్కరలేని దీపము ఆర్పుట మంచి అలవాట్లు. బొబ్బలు సాధారణముగా వారము పదిరోజులలో మానుతాయి; మచ్చ కొంతకాలము ఉంటుంది. ఇది అంటువ్యాధి కాదు, ఒకరినుండి ఒకరికి సోకదు. కంటికి తగిలినను, బొబ్బలు విస్తరించినను వైద్యుని చూడవలెను. వెళ్లినప్పుడు పురుగు రూపమును కూడ చెప్పవలెను. మోచేతి మడతలో ఒక బొబ్బకు ఎదురుగా అచ్చు గుద్దినట్లు మరొక బొబ్బ ఉండుట దీని ప్రత్యేక లక్షణము. సర్పిలో అట్లు ఉండదు. ఆ ఒక్క మాట వైద్యునకు ఎంతో సహాయము చేస్తుంది.

పన్నెండు వందల ఏండ్ల క్రిందట ఒక వైద్యుడు నడుము రంగు, తోక మొన, రెక్కల పొట్టితనము, విషపు గుణము నాలుగును కలిపి చెప్పినాడు. పొలమున్న ప్రతి ఇంటను, పిల్లలున్న ప్రతి ఇంటను ఆ నాలుగు మాటలు తెలిసి ఉండుట మేలు. రాబోయే వానకారులో వాకిటి దీపము క్రింద నీలిపట్టీ ఉన్న ఎఱ్ఱని చిన్నపురుగు కనిపిస్తే, ఇంటిలోని పిల్లలకు ముందుగా చూపించి, దానిని తాకకుండ దాని కురుచరెక్కలను గమనింపుమని చెప్పండి.